పాత కార్వెట్‌లో ఉన్నది ఫ్యాక్టరీ ఇంజనేనా? నంబర్లు చదివి, ఇనుము చూసి తేల్చుకునే పద్ధతి

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లలో పాత స్పోర్ట్స్ కార్ల మీద మనసు పారేసుకున్నవాళ్లు నాకు చాలామందే తెలుసు. వాళ్లు ఎక్కువగా అడిగేది 1963 నుంచి 1967 దాకా వచ్చిన షెవర్లే కార్వెట్ స్టింగ్ రే గురించి. అమ్మకం ప్రకటనలో 'నంబర్స్ మ్యాచింగ్' అన్న మాట కనిపిస్తే చాలు, ధర ఎక్కడికో వెళ్లిపోతుంది. కారు ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు అందులో ఏ ఇంజన్ ఉందో, ఇప్పటికీ అదే ఉందని ఆ మాటకి అర్థం. నిజమైతే అంతకంటే కావలసింది లేదు. కానీ సుత్తి, అంకెల అచ్చులు ఉంటే ఆ నంబర్లు ఎవరైనా కొట్టేయగలరు. కాబట్టి నంబరు చదవడంతో సగం పనే అవుతుంది. ఆ నంబరు ఎలాంటి ఇనుము మీద ఉందో చూడటం మిగతా సగం.

నేను మొదట కొన్న కార్వెట్‌లో నంబర్లన్నీ కలిశాయి. కాగితం మీద రాసుకుని నాలుగుసార్లు సరిచూసుకున్నాను. డబ్బు కట్టి ఇంటికి తెచ్చిన మూడు నెలలకి, నలభై ఏళ్లుగా ఈ కార్లే బాగుచేస్తున్న ఒక పెద్దాయన టార్చి వేసి చూసి, "బాబూ, ఇది మళ్లీ కొట్టిన నంబరు" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన ఆరోజు ఏం చూశాడో, ఆ తర్వాత నేను ఏమేం నేర్చుకున్నానో కింద వరసగా రాస్తున్నాను. ఈ ఐదేళ్ల కార్లకే ఇది వర్తిస్తుంది. వేరే కంపెనీ కారుకి నంబర్లు ఉండే చోట్లు, కోడ్లు వేరుగా ఉంటాయి.

ఇంజన్ మీదే ఎందుకు వెతకాలి

ఈ కార్ల విన్ నంబరులో, అంటే ప్రతి కారుకీ ఫ్యాక్టరీ ఇచ్చే గుర్తింపు నంబరులో, ఇంజన్ సంగతి లేదు. 1963లో 250 హార్స్‌పవర్ మామూలు ఇంజన్‌తో వచ్చిన కారుకీ, 360 హార్స్‌పవర్ ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వచ్చిన కారుకీ విన్ ఒకే తీరులో ఉంటుంది. కార్వెట్ విన్‌లో ఇంజన్ కోడ్ చేరింది 1972 మోడల్ నుంచే. అందుకే 300 హార్స్‌పవర్ కారుని 435 హార్స్‌పవర్ కారుగా చూపించాలన్న ఆశ కొందరికి పుడుతుంది. 1967లో మొత్తం 22,940 కార్వెట్లు తయారైతే, వాటిలో ఎల్88 అనే రేసింగ్ ఇంజన్‌తో వచ్చినవి 20 మాత్రమే. అలాంటి కారుకీ, మామూలు కారుకీ ఎంత డబ్బు తేడా ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు.

మొదటి అడుగు: విన్ ప్లేటు

ప్యాసింజర్ వైపు తలుపు తెరిచి, గ్లవ్ బాక్స్ కింద అడ్డంగా ఉండే ఇనుప పట్టీ చూడండి. విన్ ప్లేటు అక్కడ ఉంటుంది. దాని పక్కనే రంగు, ఇంటీరియర్ వివరాలుండే ట్రిమ్ ట్యాగ్ ఉంటుంది. రెండింటికీ ఫోటో తీసుకోండి. ప్లేటు బిగించిన చోట కొత్తగా గీతలు, ఊడదీసిన గుర్తులు, చుట్టూ కొత్త పెయింటు ఉంటే అక్కడే ఆగి అడగండి. ప్లేటే అనుమానంగా ఉన్న కారులో ఇంజన్ గురించి మాట్లాడటం దండగ.

అర్థం కావడానికి ఒక నంబరు అనుకుందాం: 194377 ఎస్ 105463. మొదటి 1 అంటే షెవర్లే. 94 అంటే కార్వెట్. 37 అంటే కూపే, కన్వర్టిబుల్ అయితే ఇక్కడ 67 ఉంటుంది. తర్వాతి 7 అంటే 1967 మోడల్. ఎస్ అంటే మిస్సోరిలోని సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ. ఈ కార్లన్నీ అక్కడే తయారయ్యాయి. చివరి ఆరు అంకెలు ఆ కారు వరస నంబరు, అది 100001తో మొదలవుతుంది. 1965 నుంచి 1967 దాకా ఈ తీరే. 1963, 1964 కార్లలో మొదట మోడల్ ఇయర్ అంకె, తర్వాత 0837 లేదా 0867 వస్తాయి.

మనకి కావలసినవి రెండే: ఇయర్ అంకె, ఆరంకెల వరస నంబరు. రెండూ కలిపితే 7105463. ఈ ఏడంకెలే ఇంజన్ మీద కనిపించాలి.

రెండో అడుగు: ప్యాడ్‌ని శుభ్రం చేయడం

బానెట్ తెరిచి ప్యాసింజర్ వైపు నిలబడండి. కుడివైపు సిలిండర్ హెడ్ ముందు అంచు దగ్గర, హెడ్ కింద నుంచి బ్లాక్ (ఇంజన్‌కి మూలమైన పోత ఇనుప దిమ్మ) కొద్దిగా బయటికి వచ్చి చదునుగా ఒక చిన్న జాగా ఉంటుంది. దాన్నే స్టాంప్ ప్యాడ్ అంటారు. అరవై ఏళ్ల గ్రీజు, నూనె, దుమ్ము, పైన షెవర్లే ఆరెంజ్ పెయింటు పట్టి ఉంటే మొదట అక్కడ ఏమీ కనిపించదు.

ఇక్కడ తొందరపడకండి. శాండ్‌పేపరు, వైర్ బ్రష్, గ్రైండర్‌కి అమర్చే బఫింగ్ చక్రం లాంటివి ఆ జాగా దగ్గరికి రానివ్వకండి. సాక్ష్యం అంతా ఇనుము మీద ఉండే వెంట్రుకవాసి గీతల్లోనే ఉంది, ఒక్కసారి రుద్దితే అది మళ్లీ రాదు. బ్రేక్ క్లీనర్ గుడ్డ మీద కొట్టి అద్దండి. పాత టూత్ బ్రష్‌తో మెల్లగా తుడవండి. పెయింటు గట్టిగా ఉంటే కాస్త పెయింట్ రిమూవర్ రాసి, పది నిమిషాలు ఆగి, ప్లాస్టిక్ ముక్కతో తీయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చేయండి, వేడి ఇంజన్ మీద బ్రేక్ క్లీనర్ ప్రమాదం. అమ్మేవాళ్ల అనుమతి ముందే తీసుకోండి. నిజం చెప్పేవాళ్లకి దీంతో ఇబ్బంది ఉండదు. "ముట్టుకోవద్దు, ఫోటో పంపాను కదా" అన్నారంటే నేనైతే ఆ కారు వదిలేస్తాను.

మూడో అడుగు: రెండు స్టాంపులు చదవడం

ప్యాడ్ మీద రెండు వేర్వేరు స్టాంపులుంటాయి. ఒకటి ఇంజన్ తయారైన ఫ్యాక్టరీలో కొట్టింది. ఉదాహరణకి ఎఫ్ 1107 హెచ్‌టి అని ఉంటే, ఎఫ్ అంటే మిషిగన్‌లోని ఫ్లింట్, 11 నెల, 07 తేదీ, చివరి రెండక్షరాలు అది ఏ రకం ఇంజనో చెప్పే కోడ్. 327 క్యూబిక్ ఇంచ్ (ఇంజన్ సిలిండర్ల మొత్తం పరిమాణం) స్మాల్ బ్లాకులు, అంటే చిన్న ఇంజన్లు, ఫ్లింట్ నుంచి వచ్చేవి. 396, 427 బిగ్ బ్లాకులు న్యూయార్క్ రాష్ట్రంలోని టొనవాండా నుంచి వచ్చేవి, వాటికి మొదటి అక్షరం టి. కాబట్టి 427 అని చెప్పే కారు ప్యాడ్ మీద ఎఫ్ కనిపిస్తే కథ అక్కడితో అయిపోయింది. ఈ స్టాంపులో సంవత్సరం ఉండదన్నది గుర్తుంచుకోండి, ఆరో అడుగులో దాంతో పని పడుతుంది.

రెండోది సెయింట్ లూయిస్‌లో, ఇంజన్ కారులోకి వెళ్లే దశలో కొట్టింది. మనం ఇందాక కలిపి రాసుకున్న 7105463 ఇదే.

నాలుగో అడుగు: చివరి రెండక్షరాలు

ఈ కోడ్ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఒకే కోడ్‌కి ఒక్కో ఏడు ఒక్కో అర్థం ఉంటుంది. హెచ్‌ఇ అంటే 1965లో 250 హార్స్‌పవర్, 1966, 1967లో 300 హార్స్‌పవర్. కాబట్టి పట్టిక చూసేటప్పుడు ఆ మోడల్ ఇయర్ పట్టికే చూడాలి.

నేను తరచూ చూసేవి ఇవి. 1963లో మాన్యువల్ గేర్‌బాక్స్ కార్లకి ఆర్‌సి 250, ఆర్‌డి 300, ఆర్‌ఇ 340, ఆర్‌ఎఫ్ 360 హార్స్‌పవర్. ఆటోమేటిక్ అయితే 250కి ఎస్‌సి, 300కి ఎస్‌డి. 1965లో వచ్చిన 396 ఇంజన్‌కి ఐఎఫ్. 1966, 1967లో హెచ్‌టి అంటే 350 హార్స్‌పవర్ 327, ఐఎల్ అంటే 390 హార్స్‌పవర్ 427. 1967లో జెఇ అంటే మూడు కార్బ్యురేటర్ల 435 హార్స్‌పవర్ ఇంజన్, ఐటి అంటే ఎల్88.

కోడ్ గేర్‌బాక్స్ సంగతి కూడా చెబుతుంది. ఆటోమేటిక్ కోడ్ ఉన్న ఇంజన్ పక్కన నాలుగు గేర్ల మాన్యువల్ కనిపిస్తే, ఎవరో ఎప్పుడో ఏదో మార్చారని అర్థం. గేర్‌బాక్స్ మార్చడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు.

ఐదో అడుగు: ఇనుము ఏం చెబుతోంది

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. నేను డబ్బు పోగొట్టుకున్నది దీన్ని చూడకపోవడం వల్లే.

ఫ్యాక్టరీలో బ్లాక్ పైభాగాన్ని చదును చేసేటప్పుడు బ్రోచ్ అనే పనిముట్టు ముందు నుంచి వెనక్కి ఒకే దిశలో చెక్కుతూ పోతుంది. దాని వల్ల ఇనుము మీద సన్నటి గీతలు, క్రాంక్‌షాఫ్ట్ ఉన్న దిశలోనే, ఒకదాని పక్కన ఒకటి పడతాయి. దున్నిన చేనుని గట్టు మీద నుంచి చూస్తే సాళ్లు ఎలా కనిపిస్తాయో అలా. ప్యాడ్ కూడా ఆ చదును చేసిన తలంలో భాగమే కాబట్టి ఆ గీతలు దాని మీద కూడా ఉంటాయి. అంకెలు ఆ గీతలున్న ఇనుము మీద తర్వాత కొట్టినవి. అంటే గీతలు అంకె దాకా వచ్చి, గుంటలో తెగి, మళ్లీ అవతల అదే వరసలో సాగాలి.

చూసే విధానం ఇది. గ్యారేజీలో లైటు తగ్గించండి. టార్చిని ప్యాడ్ పైనుంచి కాకుండా దాదాపు ప్యాడ్ తలానికి సమానంగా పక్క నుంచి వేయండి. ఒకసారి ముందు నుంచి, ఒకసారి పక్క నుంచి. గీతలకి అడ్డంగా వెలుతురు పడినప్పుడు అవి నిక్కచ్చిగా కనిపిస్తాయి. ఫోన్‌ని ప్యాడ్‌కి సమాంతరంగా పట్టుకుని దగ్గర్నుంచి నాలుగైదు ఫోటోలు తీయండి. మన దగ్గర బండికి ఫైనాన్స్ తీసుకునేటప్పుడు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీస్తారు కదా, అది కూడా చేయండి. అంకెల ఆకారం, వాటి మధ్య ఎడం ఫోటోలో కంటే పెన్సిల్ ప్రింటులో స్పష్టంగా తెలుస్తాయి.

నా కారు ప్యాడ్ మీద ఆ పెద్దాయన చూసింది ఇదే. సాళ్లు లేవు. వాటి బదులు సన్నటి వంకర గీతలు, పళ్లెం తోమితే పడే గుండ్రటి గీతల్లా, ఒకదాని మీద ఒకటి. అంటే గ్రైండర్‌తో పాత నంబరు చెరిపేశారు. ఇంకో గుర్తు కూడా ఆయనే చూపించాడు. ఫ్లింట్ స్టాంపు, సెయింట్ లూయిస్ స్టాంపు వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు పనిముట్లతో, వేర్వేరు మనుషులు కొట్టినవి. వాటి లోతు, వరస, అక్షరాల తీరు ఎంతోకొంత తేడాగా ఉండాలి. నా ప్యాడ్ మీద రెండింట్లోనూ 1కి ఒకే చోట ఒకే చిన్న నొక్కు ఉంది. రెండూ ఒకే అచ్చుల పెట్టెలోంచి వచ్చాయన్నమాట.

ఒక జాగ్రత్త. గీతలు లేకపోతే వెంటనే మోసం అనేయకండి. ఇంజన్ బోరుకొస్తే మెషిన్ షాపులో బ్లాక్ పైభాగాన్ని మళ్లీ చదును చేస్తారు, అప్పుడు ప్యాడ్ కూడా చెక్కుకుపోతుంది. గీతలతో పాటు అసలు నంబరే పోతుంది. నంబరు లేని ఖాళీ ప్యాడ్ నిజాయితీ గల రిపేరుకి గుర్తు కావచ్చు. చదును చేసిన ప్యాడ్ మీద నిక్షేపంలాంటి నంబరు ఉంటేనే అనుమానించాలి. ఈమధ్య నకిలీ బ్రోచ్ గీతలు కూడా గీసి అమ్మేవాళ్లున్నారు. అందుకే మిగతా అడుగులు వదలకూడదు.

సీఇ అని మొదలయ్యే స్టాంపు కనిపిస్తే అది షెవర్లే వారంటీ కింద ఇచ్చిన బదులు బ్లాక్. అది ఆ కారు పుట్టినప్పటి ఇంజన్ కాదు, కానీ దొంగ ఇంజన్ కూడా కాదు.

ఆరో అడుగు: పోత నంబరు, పోత తేదీ

స్టాంపు తర్వాత కొట్టొచ్చు. కానీ బ్లాక్‌ని పోత పోసినప్పుడే అచ్చులో ఉబ్బెత్తుగా వచ్చిన అంకెల్ని మార్చడం చాలా కష్టం. పోత నంబరు డ్రైవర్ వైపు, బ్లాక్ వెనక చివర, గేర్‌బాక్స్ బెల్‌హౌసింగ్ కలిసే అంచు మీద ఉంటుంది. ఇంజన్‌కీ, క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడకి (ఫైర్‌వాల్) దగ్గర కాబట్టి చిన్న అద్దం, టార్చి ఉంటే పని సులువు. స్మాల్ బ్లాక్ పోత తేదీ అదే అంచు మీద ప్యాసింజర్ వైపు ఉంటుంది.

1963లో 327కి తరచుగా కనిపించేది 3782870. తర్వాతి ఏళ్లలో 3858174, 1966-67లో 3892657 కనిపిస్తాయి. 1965 నాటి 396కి 3855962. 427కి 1966లో 3869942, 1967లో 3904351. అయితే 327 బ్లాకులు ఇంపాలా లాంటి మామూలు షెవర్లే కార్లలోకి కూడా వెళ్లాయి. పోత నంబరు సరిపోయినంత మాత్రాన అది కార్వెట్ ఇంజన్ అయిపోదు. నకిలీలు తయారుచేసేవాళ్లు వెతికి తెచ్చుకునే ముడిసరుకు కూడా సరిగ్గా ఇలాంటి బ్లాకే.

పోత తేదీ జె 28 6 అని ఉందనుకోండి. ఏ అంటే జనవరి, అక్కడి నుంచి వరసగా ఎల్ అంటే డిసెంబరు. జె అక్టోబరు, 28 తేదీ, 6 అంటే 1966. దశాబ్దం రాయరు కాబట్టి 1966కీ, 1976కీ అంకె ఒకటే. పోత నంబరుతో కలిపి చదివితేనే ఏ దశాబ్దమో తెలుస్తుంది.

గ్లవ్ బాక్స్ కింద ట్రిమ్ ట్యాగ్ మీద బాడీ తయారైన తేదీకి కూడా ఒక అక్షరం ఉంటుంది. కానీ అక్కడ ఏ అంటే జనవరి కాదు, ఆ మోడల్ ఇయర్ ఉత్పత్తి మొదలైన నెల. ఈ రెండింటినీ కలిపేసుకుని, మంచి కారుని "తేదీలు కుదర్లేదు" అని వదిలేసినవాళ్లని చూశాను.

ఏడో అడుగు: తేదీల వరస

ఇప్పుడు మూడు తేదీలు పక్కపక్కన రాయండి. బ్లాక్ పోత పోసిన తేదీ, ఇంజన్ బిగించిన తేదీ, కారు తయారైన తేదీ. మన ఉదాహరణలో 1966 అక్టోబరు 28న పోత, నవంబరు 7న ఫ్లింట్‌లో ఇంజన్ బిగింపు, ఆ తర్వాత కొద్ది రోజులకో, కొన్ని వారాలకో సెయింట్ లూయిస్‌లో కారు. ఈ వరస తలకిందులైతే ఏ వివరణా నిలబడదు. కారు నవంబరులో తయారై, బ్లాక్ పోత డిసెంబరుది అయితే ఆ ఇంజన్ తర్వాత వచ్చి కూర్చుందే. మరీ ఎక్కువ ఎడం ఉన్నా ఆలోచించాలి. భాగం తేదీకీ, కారు తేదీకీ మధ్య ఆరు నెలల దాకా ఎడం ఉంటే, పాత కార్వెట్ల పోటీల్లో కారు అసలుదనాన్ని చూసే జడ్జిలు మామూలుగా ఒప్పుకుంటారు.

ఎనిమిదో అడుగు: చుట్టూ ఉన్న సాక్ష్యం, కాగితాలు

ఇంజన్ ఒంటరిగా ఉండదు. టాకోమీటర్‌లో, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటర్లో, ఎర్రగీత ఎక్కడ మొదలవుతుందో చూడండి. 1963లో 250, 300 హార్స్‌పవర్ కార్లకి 5300 దగ్గర, 340, 360 కార్లకి 6500 దగ్గర. పెద్ద ఇంజన్ అని చెబుతూ డ్యాష్‌లో 5300 ఉంటే అడగాలి. 427తో వచ్చిన కారుకి వెనక స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా పట్టే కడ్డీ) ఉండాలి. డిస్ట్రిబ్యూటర్ మీద పార్టు నంబరు, తేదీ ఉంటాయి. ఆల్టర్నేటర్, స్టార్టర్ మీద కూడా తేదీలుంటాయి, కానీ అవి అరిగితే మారేవే కాబట్టి వాటికి నేను పెద్ద విలువ ఇవ్వను.

కాగితాల్లో అన్నిటికంటే గట్టిది ట్యాంక్ స్టిక్కర్. ఫ్యాక్టరీలో పెట్రోల్ ట్యాంకు పైన అతికించిన బిల్డ్ షీటు అది. 1967 కార్లలో తరచుగా దొరుకుతుంది. చాలా కార్లలో తేమకి, ఎలుకలకి చిరిగి ఉంటుంది, ట్యాంకు దించితే తప్ప కనిపించదు. 1965 నుంచి వారంటీ పుస్తకంలో ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు పలక ఇచ్చేవారు, ఇంజన్ కోడ్ దాని మీద ఉంటుంది. ఈ రెండింటికీ నకిలీలు ఉన్నాయి కాబట్టి ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలి. పాత సర్వీసు బిల్లులు, మొదటి యజమాని ఫోటోలు నాకు వీటికంటే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తాయి, వాటిని నకిలీ చేయాలని ఎవరికీ తోచదు.

1974లో మొదలైన నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ, అందరూ ఎన్‌సిఆర్‌ఎస్ అంటారు, విన్ నంబరు మీద షిప్పింగ్ రిపోర్టు ఇస్తుంది. కారు ఎప్పుడు తయారైందో, ఏ డీలరుకి వెళ్లిందో అందులో ఉంటుంది. ఇంజన్ వివరం ఉండదు. "ఎన్‌సిఆర్‌ఎస్ కాగితం ఉంది, ఇంజన్ ఒరిజినల్" అని ఎవరైనా అంటే ఆ రెండు మాటలకీ సంబంధం లేదని తెలుసుకోండి. తేదీల వరస సరిచూసుకోవడానికి మాత్రం అది చాలా పనికొస్తుంది. ఆ సొసైటీ లోకల్ చాప్టర్లలో ప్యాడ్లు వందల్లో చూసినవాళ్లుంటారు. పెద్ద మొత్తం పెట్టే ముందు అలాంటి ఒకరికి ఫీజు ఇచ్చి చూపించండి.

తేల్చాక ఏం చేయాలి

ప్యాడ్ మీద గీతలు, రెండు స్టాంపుల తీరు, పోత తేదీ, కాగితాలు అన్నీ ఒకే కథ చెబితే ఆ కారుకి అడిగిన ధరలో న్యాయం ఉంది. ప్యాడ్ ఖాళీగా ఉండి మిగతావన్నీ కుదిరితే, అది మంచి కారే. కానీ అసలు ఇంజన్ అన్న ధర ఇవ్వకండి. ఇంజన్ మారిందని అమ్మేవాళ్లే ముందు చెబితే ఇంకా మంచిది, నడుపుకోవడానికి అలాంటి కారు హాయిగా ఉంటుంది, నలిగిపోతుందేమో అన్న టెన్షన్ ఉండదు. మళ్లీ కొట్టిన నంబరు అని తేలితే మాత్రం ధర తగ్గించినా తీసుకోవద్దనే చెబుతాను. మీరు అమ్మే రోజు కొనేవాళ్ల ముందు మీరూ అదే మాట చెప్పాల్సి వస్తుంది. నేను నా కారుని అమ్మేటప్పుడు ప్యాడ్ ఫోటో ప్రకటనలోనే పెట్టి, మళ్లీ కొట్టిన నంబరని రాశాను. కొన్న ధర రాలేదు, కానీ కొన్నాయన ఇప్పటికీ ఫోన్ చేస్తాడు.

కొనాలని నిర్ణయించుకుంటే, ఇంజన్ గురించి అమ్మేవాళ్లు చెప్పిన మాటని ప్యాడ్ నంబరుతో సహా బిల్లు మీద రాయించుకోండి. ఫోటోలు, పెన్సిల్ ప్రింటు ఆ బిల్లుతో కలిపి పెట్టుకోండి. శుభ్రం చేసిన ప్యాడ్‌ని అలాగే వదిలితే వారంలో తుప్పు పడుతుంది, కాబట్టి అక్కడి నుంచి కదిలే ముందు శుభ్రమైన గుడ్డకి రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ అద్ది ప్యాడ్ మీద పల్చగా రాయండి.